బండి దిగితే తగ్గే తలనొప్పి

నేను స్టీరింగ్‌ పట్టుకుని నా వైపు లాగేశాను. కుడి పక్కన కాలువ నిండుగా పారుతోంది. వ్యాన్ రోడ్డు దిగి, ఎడమ పక్క నాట్లు వేయని మడిలో కూరుకుపోయి ఆగింది. డ్రైవర్ సీట్లో మా ఆయన తల కిటికీకి ఆనించి, "ఏమైంది?" అని నన్నే అడిగాడు. వెనక కూర్చున్న ఏడుగురూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు.

"కునుకు పట్టింది. ఏం గాలేదు," అన్నాడు వాళ్లతో. నాతో మాత్రం మెల్లగా, "కండ్లు తిరిగినయే. తలకాయ పలుగుతుంది. ఎవ్వలకు చెప్పకు. డ్రైవర్‌కు గిట్లయితదని తెలిస్తే మన బండి ఎవరెక్కుతరు?" అన్నాడు.

అప్పటికి మాకు పెళ్లయి రెండేళ్లు. ఎవరో వాడి వదిలేసిన పెట్రోల్ వ్యాన్ కొని, బాన్సువాడ నుంచి వర్నికి, కోటగిరికి మనుషుల్ని తిప్పేవాడు. వెనక తలుపు గొళ్లెం అరిగిపోయి సరిగా పడేది కాదు, తాడుతో కట్టేవాళ్లం. కిటికీలు కొన్నిటికి అద్దాలే లేవు. బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టేది కాదు. ఇవన్నీ మాకు తెలుసు. పాత బండి అన్నాక ఇంతే అనుకుని తిరిగేవాళ్లం.

ఆ రోజు నుంచి నేను కూడా రోజూ ముందు సీట్లో కూర్చుని ఆయన వెంటే పోయాను, కళ్లు మూతలు పడకుండా చూడాలని. ఎక్కేవాళ్లు ఊరుకుంటారా.

"ఏందే, నీ మొగన్ని ఎవరన్న ఎత్తుకపోతరా?" అనేవాళ్లు.

"ఎత్తుకపోతే మంచిదే, వంట తప్పుతది," అనేదాన్ని. అంటూనే ఆయన కళ్ల వైపు చూసేదాన్ని.

బాన్సువాడలో మా డాక్టరమ్మ బీపీ చూసింది, బ్లడ్ టెస్ట్ రాసింది. "అన్నీ నార్మల్ ఉన్నయి. యాళ్లకు తింటలేడేమో, గ్యాస్ట్రిక్ అయితుండొచ్చు," అని గోళీలు ఇచ్చింది. మా అత్తమ్మ అదేం ఒప్పుకోలేదు. "పొద్దుగాల చల్లగాలి చెవులల్ల సొచ్చింది. గా కిటికీలు మూయుండ్రి ముందుగాల," అంది. అది నాకు నిజమే అనిపించింది. చలికాలం మరి. రెగ్జిన్ తెచ్చి, మూడు రోజులు మిషన్ మీద కూర్చుని అన్ని కిటికీలకూ పర్దాలు కుట్టాను. గాలి చొరకుండా అంచులు గట్టిగా బిగించాను. ఎక్కినవాళ్లంతా వెచ్చగా ఉందని మెచ్చుకున్నారు.

జబ్బు తగ్గలేదు, పెరిగింది. వారంలో రెండుసార్లు బండి ఆపి వాంతి చేసుకున్నాడు. ఒకసారి వర్ని దాటాక ఎటు పోవాలో గుర్తురాక అట్లనే కూర్చున్నాడు. నిజామాబాద్ తీసుకుపోతే పెద్ద డాక్టర్ అంతా విని, "ఫిట్స్ కావచ్చు. గోళీలు రాస్తున్నా. బండి మాత్రం ముట్టొద్దు," అన్నాడు. మా ఆయన బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. ఆయనకు వచ్చిన పని అదొక్కటే.

పన్నెండు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. తల నొప్పి లేదు, ముఖంలోకి కళ వచ్చింది. గోళీలు పనిచేశాయని సంబరపడ్డాం. పదమూడో రోజు నేను ఎంత చెప్పినా వినకుండా తాళాలు తీసుకున్నాడు. నేనూ ఎక్కాను. కోటగిరి చేరేసరికి మళ్లీ వాంతి. ఈసారి నాకూ తల దిమ్మెక్కింది. తోడుకు ఇంకో డ్రైవర్‌ని పిలిపించుకుని బాన్సువాడకు వచ్చి, నేరుగా డాక్టరమ్మ దగ్గరికే పోయాం.

ఆమె ఆయన్ని వదిలేసి నన్ను చూసింది. "నువ్వేంది ఇట్ల వాడిపోయినవ్?"

"ఈయన ఫికర్ అమ్మా. తల నొస్తుంది."

"ఎప్పుడు నొస్తుంది?"

"బండిల ఉన్నప్పుడు."

"దిగినంక?"

"కొంచెంసేపటికి తగ్గుతది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇద్దరికి ఒక్కతీరుగ ఫిట్స్ రావు. పొగ బండి లోపలికి వస్తుందేమో చూపించుండ్రి. కార్బన్ మోనాక్సైడ్ అంటరు, దానికి వాసన ఉండదు. గోళీలు మాత్రం మీ అంతట మీరు బంద్ చేయకుండ్రి, నేను నిజామాబాద్ డాక్టర్‌కు చీటీ రాస్తా," అంది.

మెకానిక్ ఖాసీం భాయ్ బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సైలెన్సర్ పైపు తెగింది చెల్లె. దాని పైన బండి అడుగు రేకు తుప్పు పట్టి బొక్క పడ్డది. ఎనక తలుపు సందుంటే గాడికెళ్లి గుడ పొగ లోపలికే గుంజుతది. మరి గీ పర్దాలు ఎవరు కట్టిండ్రు? పొగ బయటికి పోను తొవ్వే లేదు."

నేను దగ్గరున్న పర్దా అంచు పట్టుకుని లాగాను.

"నేనే కట్టించిన భాయ్," అన్నాడు మా ఆయన.

పైపు మార్చారు, రేకు అతికించారు, గొళ్లెం, తలుపు రబ్బరు కొత్తవి వేశారు, బ్రేకులూ చేయించాం, పర్దాలు విప్పేశాం. కొన్ని వారాలకు నిజామాబాద్ డాక్టర్ మళ్లీ చూసి, ఫిట్స్ కాదని గోళీలు మెల్లగా తగ్గించి ఆపేశాడు. అప్పటిదాకా బండి ఇంకో డ్రైవరే నడిపాడు. ఇప్పటికి రెండేళ్లయింది. ఆయనకు మళ్లీ అట్లా కాలేదు. నెలకోసారి టార్చ్ పట్టుకుని బండి కింద చూసుకుంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ పొద్దున తల బరువుగా ఉంటే ముందు ఆయన ముఖమే చూస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. బండిలో ఉంటే నొచ్చి, దిగితే తగ్గే తలనొప్పి అయితే, డాక్టర్‌కు మీ ఒంటి సంగతితో పాటు బండి సంగతీ చెప్పండి. పక్కన కూర్చున్నవాళ్లకు ఎట్లుందో కూడా అడగండి.

మేము అడగలేదు. బండి బాగై ఇంటికి వచ్చిన రోజు మా ఆయన, "ఇగ అయిపాయె గద, ఎవ్వలకు చెప్పే పని లేదు," అన్నాడు. నేను సరే అనలేదు. ఆ పొగ వెనక కూర్చున్నవాళ్లూ పీల్చారు కదా.

మర్నాడు పొద్దున బస్టాండ్ దగ్గర ఎక్కడానికి వచ్చినవాళ్లను ఆపి, మొత్తం చెప్పాను. మడిలోకి ఎందుకు పోయామో అదీ చెప్పాను. మా ఆయన పక్క సీట్లో స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు సంచులు తీసుకుని బస్సు వైపు నడిచారు. తండా నుంచి వచ్చే అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు దిగినంక కడుపుల తిప్పుతుండె బిడ్డ. ముసల్దాన్నయిన, ఇగ గింతే అనుకున్న."

"ఇప్పుడు బాగైందని మాకెట్ల తెల్వాలె?" అన్నాడు ఒకాయన.

నేను వెనక తలుపు తీసి లోపలికి ఎక్కి, చివరి సీట్లో కూర్చుని, తలుపు గట్టిగా లాగి వేసుకున్నాను.