ఆ దిగులు ఎవరి కోసం

మా ఆవిడ సుజాత పుదుచ్చేరిలో తీసిన ఫొటో ఒకటి ప్రదర్శనలో పెడతానని మిత్రుడు అడిగాడు. ఇస్త్రీ బండి వెనక నిలబడి, నుదురు ముడిచి, సూటిగా చూస్తున్న స్త్రీ. దానికి 'బతుకు బరువు' అని పేరు పెడతానన్నాడు. సుజాత పోయి ఏడాది దాటింది. తనను అడగలేను. ఫొటోలో ఉన్నామెనే అడుగుదామని బయలుదేరాను.

నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైల్లో చెన్నై, అక్కణ్ణుంచి సముద్రం పక్క రోడ్డున బస్సు. బస్సుకే దాదాపు నాలుగు గంటలు. బస్టాండు నుంచి, సుజాత ఫొటో తీసిన ఉప్పళం పేటకు ఆటో నూట యాభై. అక్కడ చూసేందుకేమీ లేదని, అందరూ బీచికే పోతారని డ్రైవరు దారంతా నచ్చజెప్పాడు. టీ కొట్టులో ఫొటో చూపిస్తే, ధనమక్క బండి ఎదురు సందులోనే ఉందన్నారు.

ధనమక్క వాళ్లు తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆమెకు తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాట్లాడతారు. ప్రింటు చూసి నవ్వింది.

"ఇంత పెద్దదా నా మొకం? ఈ ముడతలకి నా ఇస్త్రీ పెట్టె చాలదన్నా."

ఫొటో తీసినావిడ రాలేదా అని అడిగింది. లేదని, ఫొటో తీసిన ఆ వేసవి దాటకముందే పోయిందని చెప్పాను. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. తర్వాత నేను ఫొటో పేరు చెప్పి, ఇష్టమేనా అని అడిగాను.

"నాకేం బరువు? ఆ యమ్మ మిట్టమద్దేనం ఎండలో ఊగతా నిలబడి ఉండె. యాడ పడిపోతాదో అని నాకు బయం. నీడకి రామ్మా, కూసో అంటా ఉంటి. నవ్వతానే తీసింది."

సుజాతకు ఒంట్లో బాగాలేదని అప్పటికి నాకు తెలియదు. ఆ సాయంత్రం ఫోన్లో, వెలుతురు బాగుందని మాత్రం చెప్పింది.

ధనమక్క స్టూలు లాగి నన్ను కూర్చోమంది. టీ తెప్పించింది. ఫొటో పెట్టుకోమంది, ఆ దిగులు మాత్రం తన బతుకు గురించని రాయొద్దంది.

ఫొటో తీసేవాళ్లు అక్కడ లేనట్టే ఉండాలని సుజాత అనేది. ఈ ఫొటోలో తను కనబడదు. కానీ ధనమక్క చూపంతా తన మీదే ఉంది. నేను పక్కన లేని రోజున తనను చూసుకున్న మనిషి ఒకరున్నారు.

మీరూ ఇలా ఫొటోలు తీస్తే, ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లండి. పేరు పెట్టకముందే వాళ్లకు చూపించండి. ఇస్త్రీ బండ్ల దగ్గర పొద్దున పని తొందర, మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడతారు. మా ఫొటో కింద ఇలా రాయించాను: 'ధనమక్క, ఫొటో తీస్తున్న మనిషిని నీడకు రమ్మంటూ.'