నూరేండ్ల సర్వ

శంషాబాద్‌లో పాత బెంగళూరు రోడ్డు పక్కన మా అవ్వ చంద్రమ్మకు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో పాత సామాను అమ్ముతుంది. రోజంతా ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటుంది. సామానుకు డబ్బులు తీసుకుంటుంది, తిట్లు మాత్రం ఉచితం. కోపం బాగా ముదిరిందంటే కొంగు నడుముకు దోపుతుంది. అప్పుడు మా ఇంట్లో పిల్లి కూడా గడప దాటి అవతలికి పోతుంది.

విమానాశ్రయం కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇండ్లు ఖాళీ చేసిన కాలంలో అవ్వ షెడ్డు నిండిపోయింది. పెద్ద ఇండ్లలో బతికినవాళ్లు కాలనీల్లో చిన్న గదుల్లోకి వచ్చిపడ్డారు. సందూక పెట్టెలు, దర్వాజాలు, గంగాళాలు పెట్టుకోవడానికి వాళ్లకు చోటు లేదు. పాతసామానువాడికి వేస్తే తూకానికి కొని కొలిమికి పంపిస్తాడు. అవ్వ అట్లా కాదు. సందూకను సందూకలాగే కొని, సందూకలాగే అమ్ముతుంది.

అమ్మేటప్పుడు ఆమెకు ఒకటే మాట. ఆమె షెడ్డులో ప్రతి వస్తువూ నూరేండ్లదే. సందూక నూరేండ్లది. ఇసుర్రాయి నూరేండ్లది. ఒకసారి ప్లాస్టిక్ పిడి ఉన్న టార్చిలైటు కూడా నూరేండ్లదని చెప్పింది. కొనేవాడు పగలబడి నవ్వితే, "నవ్వకు బిడ్డా, నూరేండ్లు మన్నుతదంటున్న" అని దబాయించింది. వాడు కొనుక్కుపోయాడు కూడా.

ఆ షెడ్డులో ఒక్క వస్తువును మాత్రం ఆమె ముందు వరుసలో పెట్టకుండా లోపల గోనెసంచి కింద ఉంచింది. అది అవ్వ పాత స్నేహితురాలు కౌసల్యమ్మ ఇచ్చిన ఇత్తడి సర్వ, నీళ్లు పట్టే బిందె లాంటిది. సన్న మెడ, పెద్ద బొజ్జ, మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, 'జంగయ్య'. జంగయ్య కౌసల్యమ్మ పెనిమిటి, ఎప్పుడో పోయాడు. ఇల్లు పోయి మామిడిపల్లి దగ్గర కాలనీకి మారేటప్పుడు కౌసల్యమ్మ ఆ సర్వను అవ్వకు అమ్మి, చేతిలో పెడుతూ ఒక్కటే అడిగింది.

"అమ్ముకో చంద్రమ్మా, నేనేమనను. కొలిమిల పడకుంట చూడు. ఆయన పేరు కరిగిపోతె నేను చూడలేను."

"నా పానం పోయినా కొలిమికి పోనియ్యనక్కా" అని అవ్వ మాటిచ్చింది.

నేను పదో తరగతి తప్పి, ఊరికే తిరగలేక కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని. విమానాలు వచ్చిన నాలుగో ఏడు అనుకుంటా, షెడ్డులోని సామాను ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. అవ్వ ముందు తిట్టింది. కొత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరొకాయన ఫోటో చూసి వచ్చి దర్వాజా కొనుక్కుపోయాక, "ఇగ గా గోనెసంచి కింద సర్వది గూడ తియ్యి" అంది.

ఆ ఫోటో ఆస్ట్రేలియాలో ఉన్న సింధు అనే ఆవిడ చూసింది. కాకినాడ వైపు వాళ్లట, అత్తాపూర్‌లో పెరిగిందట. ఫోన్ చేసి ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, అవ్వ ఫోన్ పట్టుకుని నిలబడి వింది.

"అమ్మమ్మగారూ, ఆ సర్వ మా హాల్లో పెట్టుకుంటామండీ. పంపించగలరా?"

హాల్లో పెట్టుకుంటారంటే కరిగించరు. అవ్వకు అది చాలు. కౌసల్యమ్మకు చెప్పనన్నా చెప్పకుండా ఒప్పేసుకుంది.

సర్వను మోసుకుని కార్గో ఏజెన్సీకి పోయాం. అక్కడ గోవర్ధన్ అనే అతను కూర్చుంటాడు. అవ్వ సర్వ చుట్టూ వరిగడ్డి చుట్టి, దాని మీద పాత చీర కట్టి తెచ్చింది. అతను చూసి తల పట్టుకున్నాడు.

"గడ్డేంది అవ్వా? గా దేశంల గడ్డి పోచ కనబడితె పెట్టె మొత్తం ఆపుతరు. పురుగొస్తదని భయం."

"మా గడ్డికి పురుగుండది. నీ బుర్రకుంటది" అంది అవ్వ. అయినా గడ్డి విప్పింది. అప్పటికే సగం కోపం ఎక్కింది. పెట్టె కిరాయి సర్వ ధర కన్నా ఎక్కువని తెలిశాక ముప్పావు ఎక్కింది, ఆ కిరాయి కట్టేది సింధే అయినా సరే. 'మా సామాను కన్నా దాని బండి గొప్పదా' అని ఆమె బాధ.

గోవర్ధన్ కాగితం తీసి అడగడం మొదలుపెట్టాడు.

"కొత్తదా, పాతదా?"

"పాతది."

"ఎన్నేండ్లది?"

అడగరాని మాట అడిగాడు పాపం. అవ్వ నడుం నిటారుగా చేసి, షెడ్డులో అనే గొంతుతోనే అంది. "నూరేండ్లది బిడ్డా. నూరు దాటింది గని తగ్గలే."

గోవర్ధన్ రాసుకున్నాడు. నేను సర్వకు అట్ట చుడుతూ నవ్వుకున్నాను. టార్చిలైటు గుర్తొచ్చింది.

తర్వాతి వారం గోవర్ధనే ఫోన్ చేశాడు. "అవ్వా, సర్వను విమానం ఎక్కనియ్యలే. సారు రమ్మంటున్నడు."

అవ్వ కొంగు దోపింది. షెడ్డుకు తాళం వేసి, ఆటో ఎక్కి, దారి పొడుగునా విమానాలను, వాటి రెక్కలను, వాటిలో ఎక్కేవాళ్లను తిడుతూ పోయింది. ఆటో అతను నా వైపు చూసి, "మీ అవ్వను విమానంలకెల్లి దింపేసిన్రా?" అని అడిగాడు. "ఎక్కనే లేదన్నా" అన్నాను.

విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి పేరు సూర్యప్రకాశరావు. కళ్లద్దాలు, మెత్తటి గొంతు. మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం చూపించాడు.

"అమ్మా, ఇది నూరేళ్లు దాటిన వస్తువని మీరు చెప్పారు. అంత పాత వస్తువు అనుమతి లేకుండా దేశం దాటి వెళ్లకూడదు. చట్టం ఉందండి."

"నూరేండ్లంటే నూరేండ్లా సారూ?"

"మరి కాదా అండి?"

అవ్వ నా వైపు చూసింది, ఈ మనిషికి తెలుగు రాదా అన్నట్టు.

"పిలగాడు తుమ్మితె మీ దిక్కు ఏమంటరు?"

"చిరంజీవ అంటాం."

"మేము నూరేండ్లు అంటం. అంటె గా పిలగానికి నూరేండ్లు నిండినయా? మంచి సామాను అని చెప్పిన సారూ, మంచి సామాను! నూరేండ్లు అంటె గదే!"

సూర్యప్రకాశరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. అదే అవ్వకు మరింత కోపం తెప్పించింది. ఎదుటివాళ్లు అరవకపోతే ఆమెకు ఊపు రాదు.

"అయితే మీరు చెప్పింది నిజం కాదా అమ్మా?"

అవ్వ చుట్టూ చూసింది. నిజం కాదంటే షెడ్డులో ఇన్నాళ్లు అమ్మిన సందూకలన్నీ అబద్ధాలవుతాయి. నిజమంటే సర్వ పోతుంది. ఆ గదిలో గోవర్ధన్ ఉన్నాడు, టీ తెచ్చిన మనిషి ఉన్నాడు. ఇద్దరూ శంషాబాద్‌వాళ్లే. సాయంత్రానికి రోడ్డంతా తెలుస్తుంది.

"నేను అబద్ధమాడలే" అంది మొండిగా.

"అయితే నేను దీన్ని పట్టి ఉంచాలి. నిపుణులు చూస్తారు. నూరేళ్లదని తేలితే జప్తు."

"జప్తు చేసిన ఇత్తడి ఏమైతది?"

"అది నా చేతిలో లేదమ్మా. వేలం వేయవచ్చు."

వేలమంటే కొనేది ఎవరో అవ్వకు తెలుసు. తూకానికి కొనేవాళ్లే. ఆ తర్వాత కొలిమే. ఆమె మొహం నల్లబడింది. బల్ల మీద ఉన్న సర్వను చూసింది. దాని మెడ చుట్టూ ఎవరో తాడుతో చీటీ కట్టారు.

"గా తాడేంది సారూ? దొంగకు కట్టినట్టు? కొనుక్కున్న సామాను నాది, అడిగిన పిల్ల ఎక్కడనో ఉన్నది, నడిమిట్ల మీరెవరు? మాట వాడితె తప్పు, గడ్డి పెడితె తప్పు! మీ విమానమేమన్న దేవుని రథమా?"

ఆయన అంతా విన్నాడు. ఆమెకు ఊపిరి అందక ఆగినప్పుడు అన్నాడు. "దీన్ని ఎప్పుడు కొన్నారో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వచ్చి చెబితే, నూరేళ్లది కాదని నాకు నమ్మకం కుదిరితే, మీకు తిరిగి ఇచ్చేస్తాను."

తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు. చెప్పకుండా దాచింది కూడా ఆమె దగ్గరే.

కాలనీలో కౌసల్యమ్మ గుమ్మంలో కూర్చుని చింతకాయలు కొడుతోంది. అవ్వ ఆటో దిగి కొంగు విప్పేసింది. ఆ పని చేయడం నేను మొదటిసారి చూశాను.

"అక్కా, జర నాతోని రావాలె."

"ఎక్కడికే?"

"విమానాశ్రయానికి."

"నేనెందుకే, నన్ను ఎక్కడికి పంపుతున్నవే?"

"నిన్ను కాదక్కా, నీ సర్వను."

కౌసల్యమ్మ చేతిలో రాయి ఆగింది. విషయం విన్నాక, చింతకాయలు తోసేసి, మా అవ్వకు తిట్లు రావడం అంటే ఏమిటో చూపించింది. ఆటో బయల్దేరేదాకా ఒకటే దండకం. "నీకు నమ్మి ఇస్తి గదనే! సముద్రాలు దాటిస్తవానే! నాకొక మాట చెప్పకుంట!" మా అవ్వ తల వంచుకుని వింది. నాకు లోపల పండగ. దాన్ని దాచడానికి ఆటో బయటకు చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసులో సూర్యప్రకాశరావు లేచి నిలబడి ఆమెకు కుర్చీ వేశాడు.

"అమ్మా, ఈ సర్వ ఎప్పటిది?"

"నా లగ్గంది సారూ. మా నాయిన బేగంబజార్ల కొత్తది కొన్నడు. మా ఆయన పేరు గక్కడనే కొట్టిపిచ్చిండు."

"మీ పెళ్లి ఎప్పుడైంది?"

"రజాకార్ల లొల్లి అణిగినంక వచ్చిన ఎండకాలం."

ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "అయితే అరవై చిల్లరే, నూరేళ్లు కానే కాదు."

"నూరేండ్లా?" కౌసల్యమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "నా లగ్గపు సర్వ నూరేండ్లదైతె నాకెన్నేండ్లుండాలె సారూ? నన్ను జూస్తె గంత ముసలిదానిలెక్క కనబడుతున్ననా? ఏ నోరన్నదా మాట?"

టీ తెచ్చిన మనిషి గోడ వైపు తిరిగి నవ్వాడు. గోవర్ధన్ చూపు నేల మీద. నేను ఎవరి వైపు చూసినా నవ్వొస్తుందని పైన ఫ్యాను వైపు చూశాను.

మా అవ్వ గట్టిగా ఊపిరి పీల్చింది.

"నేనే అన్న అక్కా." తర్వాత అధికారి వైపు తిరిగి, ఒక్కో మాటను పన్ను పీకినట్టు బయటికి తీసింది. "గది నూరేండ్లది కాదు సారూ. నేనన్నది అమ్మకపు మాట. సర్వ ఈమెది. ఈమె లగ్గంది. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. ఇద్దరి వేలిముద్రలూ తీసుకున్నాడు. చీటీ విప్పుతూ, "కావాలంటే మళ్లీ పంపుకోవచ్చమ్మా, కానీ పాతది కాదని నిపుణుల సర్టిఫికెట్ తెచ్చుకోవాలి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సింధు ఫోన్ చేసింది. నేను విషయం చెప్పి, ఫోన్‌ను అందరికీ వినబడేలా పెట్టాను. అదొక దుర్మార్గం, ఒప్పుకుంటాను, కానీ వదులుకోలేకపోయాను.

"అయ్యో, ఎంత ఇబ్బందయిందండీ. సర్టిఫికెట్ తెప్పించండి అమ్మమ్మగారూ, నేను ఆగుతాను. ఒక్క మాట, దారిలో సొట్ట గానీ పడితే నేను తిరిగి పంపించేస్తానండీ. ఆ ఖర్చు మాత్రం మీరే చూసుకోవాలి. పాత సామాను కదా, ముందే అనుకుంటే మంచిది."

అవ్వ కొంగు మళ్లీ నడుముకెక్కింది.

"సూడు బిడ్డా. నీ దేశపోల్లకు గడ్డి పడది. నా దేశపోల్లకు మాట పడది. సొట్ట పడితె నీకు పడది. పడేదంత నాకేనా? సర్వ కావాలంటె విమానం దిగి నా షెడ్డుకు రా, చూసుకో, నీ చంకల పెట్టుకుని పో. దానికి తాడు కట్టినా, నిన్ను ఆపి అడిగినా నువ్వే పడు. నేను మల్ల గీ గడప తొక్క."

"సరేనండీ" అని సింధు మర్యాదగా ఫోన్ పెట్టేసింది. ఆ మర్యాద కూడా అవ్వకు నచ్చలేదు.

ఆటోలో కౌసల్యమ్మ సర్వను ఒడిలో పెట్టుకుంది. మా అవ్వ నాకు పని చెప్పింది.

"పోరీ, ఇయ్యాల పొద్దుమూకకముందే గా ఇంటర్నెట్ల రాయి. దేశం దాటి ఏ సామాను పంపేది లేదని రాయి. ఎందుకని అడుగుతె చంద్రమ్మకు ఫోన్ చెయ్యమని రాయి, నేను చెప్త ఎందుకో."

"వద్దవ్వా, వాళ్లు నిజంగనే చేస్తరు."

"చెయ్యనియ్యి."

కాలనీ దగ్గర పడింది. అవ్వ సర్వ వైపు చెయ్యి చాపింది.

"ఇగ ఇటియ్యక్కా, షెడ్డుకు తీస్కపోత."

కౌసల్యమ్మ సర్వను గట్టిగా కావలించుకుంది.

"ఎందుకిస్తనే? ఇందాక నలుగురి ముంగట సర్వ ఈమెది అని నువ్వే అంటివి. వేలు గూడ పెడితివి. గప్పుడది అబద్ధమా?"

మా అవ్వ నన్ను చూసింది. నేను సాయం చేస్తానని ఎందుకు అనుకుందో తెలియదు. "సారు రాసుకున్నడవ్వా" అన్నాను.

"నేను కొన్న సామాను గది!" అని అరిచింది. "నా షెడ్డుల ఉన్నది గది! నీకు పెట్టుకునే జాగ గూడ లేదంటివి!"

"జాగ నేను చూసుకుంట."

"ఎక్కడ చూసుకుంటవ్, నెత్తి మీద పెట్టుకుంటవా? చెప్పు, ఎక్కడ పెట్టుకుంటవ్?"

ఆటో ఆగింది. మోకాళ్ల నొప్పితో కౌసల్యమ్మ సర్వ పట్టుకుని దిగలేకపోయింది. మా అవ్వ కోపంగా ముందు తాను దూకి, సర్వను లాక్కుని చంకనెత్తుకుంది. రెండో చెయ్యి కౌసల్యమ్మకు ఇచ్చింది. ఆ సందు చివర ఉన్న ఆమె గదిదాకా ఆగకుండా తిడుతూనే మోసుకుపోయింది.