రాతి మావులు

అరిజోనాలో యూమా అనే ఎడారి ఊళ్లో నేనూ నాగమల్లేశ్వరీ ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆవిడది సైన్సు, నాది లెక్కలు. ఇద్దరికీ కారు నడపడం రాదు. పొద్దున్నే మమ్మల్ని బడికి దింపి, సాయంత్రం ఇంటికి చేర్చేది ఆవిడ భర్త కోటేశ్వరరావు గారు.

తెనాలి దగ్గర పల్లెలో ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన పంపుసెట్టు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి ప్రాణం పోసేవారు. ఇక్కడికి భార్య వీసా మీద వచ్చారు. ఆ వీసాతో పని చేయకూడదు. అయినా మా వీధిలో ఎవరి కూలర్ ఆగినా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేవారు. పక్కింటి మెక్సికన్ అవ్వ చేతిలో నోటు పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి దాచుకునేవారు.

"తీసుకుంటే పనవుతుంది టీచరమ్మా, తీసుకోకపోతే సాయం. సాయానికి వీసా అక్కర్లేదు" అని నాతో నవ్వేవారు. ఆ అవ్వ ఊరుకునేది కాదు. వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి గుమ్మంలో పెట్టి పోయేది.

అది రెండువేల ఏడు ఫిబ్రవరి. శనివారం నేను వాళ్లింట్లో ఉండగా ఆయన తమ్ముడు రఘు ఫోన్ చేశాడు. తాళం వేసి ఉన్న షాపు గదిని మందుల కొట్టుకు అడుగుతున్నారట. ఇస్తే లోపలి యంత్రాలు అమ్మేయాలి. వాళ్లకి సోమవారం పొద్దున్నే మాట చెప్పాలట. అంటే ఇక్కడ మాకు ఆదివారం సాయంత్రం.

"ఇచ్చెయ్యమనండి. నా కాంట్రాక్టు ఇంకో మూడేళ్లు. అందాకా పోయేదెక్కడ?" అంది నాగమల్లేశ్వరి, పప్పు కలుపుతూనే.

"చూద్దాంలే" అన్నారాయన. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచారు.

మర్నాడు సాల్టన్ సీ అనే పెద్ద ఉప్పు సరస్సు చూసొద్దామని ముందే అనుకున్నాం. వాళ్ల పాప దేదీప్యకు బళ్లో దాని గురించి చెప్పారట. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, రాముణ్ణి తలుచుకుని బయల్దేరాం. దారిలో సరిహద్దు పోలీసుల చెక్‌పోస్టు వచ్చింది. పాస్‌పోర్టులు చూసిన ఆఫీసరు మర్యాదస్థుడు. పాపకు చెయ్యి ఊపాడు. కారు నడుపుతున్న కోటేశ్వరరావు గారిని, మీరేం చేస్తుంటారు సార్, అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు పక్క సీట్లోంచి నాగమల్లేశ్వరి వంగి, "హి ఈజ్ మై డిపెండెంట్" అంది.

తన మీద ఆధారపడ్డ మనిషి అని; వీసా భాషలో అది తప్పు మాట కాదు. కానీ ఆయన అద్దం పైకెత్తుకుని, తర్వాత మాట్లాడలేదు.

ముందు కొండవాలు దగ్గర ఆగాం. ఒకప్పుడు అక్కడిదాకా నీళ్లుండేవట. ఇక్కడి ఆదివాసులు ఎప్పుడో రాళ్లు గుండ్రంగా పేర్చి, ఒక పక్క సందు వదిలి, చేపలు పట్టేవారట. నీళ్లు తగ్గినకొద్దీ కిందికి ఇంకో వరుస కట్టుకుంటూ పోయారు. పెద్దల చేతులు పడ్డ చోటని నేను చెప్పులు విప్పాను. నన్ను చూసి కోటేశ్వరరావు గారూ విప్పారు.

"మన కాలవల్లో చేపలకు పెట్టే వెదురు మావుల్లాంటివే. ఇవి రాతి మావులు" అన్నారు. చెక్‌పోస్టు దాటాక అదే మొదటి మాట.

"నాన్నా, డోర్ ఓపెన్‌గానే ఉంది కదా! ఫిష్ బయటికి ఎందుకు రాలేదు?" అంది దేదీప్య.

"వచ్చిన దారి అదేనని దానికి తెలీదమ్మా. గోడ పట్టుకుని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది."

"స్టుపిడ్ ఫిష్!"

"తిట్టకు తల్లీ. తిరిగినంతసేపూ ఈదుతున్నాననే అనుకుంటుంది పాపం."

నాగమల్లేశ్వరి ఆయన వంక చూసి, చూపు తిప్పేసుకుంది.

సముద్రం పేరుకే సముద్రం. అలలు లేవు. దూరానికి తెల్లటి ఇసుకలా మెరిసింది కానీ, కాలు పెడితే కరకరమంది; అంతా చేపల ముళ్లూ గవ్వల పొట్టూ. కంపుకి పాప ముక్కు మూసుకుంది. గాలి ఇటు రాని చోట దుప్పటి పరిచి పులిహోర పెట్టాను. అక్కడ గాలం వేస్తున్న ఒక ముసలాయన, మాకు నీడ లేదని తన గొడుగు తెచ్చి పాతి, మళ్లీ గాలం దగ్గరికి వెళ్లిపోయాడు.

"పొద్దున్నుంచీ మాట్లాడరేంటండీ?" అంది నాగమల్లేశ్వరి.

"నా బదులు నువ్వు మాట్లాడుతున్నావుగా."

"అయ్యో, అది వీసా మాటండీ! వాడడిగాడు, చెప్పాను. ఇంకేం అనాలి మరి?"

"తప్పేం లేదు మల్లీ. నిజమే చెప్పావు. నిజం కాబట్టే గుచ్చుకుంది." ఆయన పేపరు ప్లేటు పక్కకు జరిపారు. "షాపు ఇవ్వాలని లేదు నాకు. రోజూ మిమ్మల్ని దింపి వచ్చాక ఆ ఇంట్లో ఏం చేస్తానో ఎప్పుడైనా అడిగావా? పాత కూలర్ మోటారు విప్పుతాను. మళ్లీ చుడతాను. మళ్లీ విప్పుతాను."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను మానేస్తే అందరం పోవాలి. మీరు పోతే నేనూ పాపా ఎట్టా ఉండాలి? నా చేతుల్లో మాత్రం ఏముందండీ?"

ఆయన తల ఊపారు. పాపను తీసుకుని పక్షుల్ని చూపించడానికి నీళ్ల వైపు నడిచాను.

తిరుగుదారిలో ఒక పెట్రోల్ బంకు ముందు కాయిన్ ఫోన్ కనపడితే కారాపారు. ఫోన్ కార్డు నాగమల్లేశ్వరి పర్సులో ఉంటుంది. ఎప్పటిలా ఆవిడే నంబర్లు నొక్కింది. మేం పక్కనే నిలబడ్డాం. రఘు గొంతు పెద్దది, మాకూ వినపడుతోంది.

"వదినా, నువ్వేనా? వాళ్లకేం చెప్పమంటావు?"

ఆవిడ నోరు తెరిచింది. ఆయన వైపు చూసి, "షాపు మీ అన్నయ్యది. ఆయన్నే అడుగు" అని రిసీవర్ ఆయన చేతిలో పెట్టింది.

కోటేశ్వరరావు గారు దాన్ని చెవికి ఆనించుకున్నారు. "అన్నయ్యా? ఉన్నావా?" అంటున్నాడు రఘు.

"ఉన్నాన్రా. ఇవ్వకు. నెలకోసారి తలుపు తీసి దుమ్ము దులుపు. మోటార్లకు చెమ్మ తగలనీకు."

"అయితే వచ్చేస్తున్నావా? ఎప్పుడు?"

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ తల వంచుకుని పాప జడ సరిచేస్తోంది.

"అది ఇంకా తెలీదురా" అన్నారాయన.