చింతపండు మరిచిన చామాకు పొట్లాలు

మా చిన్నతనంలో ఒక రోజు... నాకు పదేళ్లుంటాయేమో. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చామగడ్డ ఆకులు ఒకదాని మీద ఒకటి పరుస్తున్నాను. అవ్వకు ఒంట్లో బాగాలేదని అమ్మ సదుంలోని పుట్టింటికి వెళ్లింది. నాయనేమో ఆ మధ్యాహ్నమే గొర్రెల మందను తోలుకుని కుప్పం వైపు మేతకు పోవాలి.

మాది కురబలకోట దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే మగవాళ్లు గొర్రెలతో నెలల తరబడి పోయేవాళ్లు. పోయే రోజు చామాకు పొట్లాలు కట్టివ్వడం మా ఇళ్లలో పద్ధతి. ఉడికించిన వేటమాంసం, కాస్త కొవ్వు, వెల్లుల్లి కారం, కొబ్బరి... అన్నీ లేత ఆకుల్లో చుట్టి, పైన అరటాకు వేసి నారతో కట్టి, నిప్పుల బూడిదలో పూడ్చిపెట్టాలి. దారిలో ఎవరి మూట విప్పినా తోడున్నవాళ్లంతా పంచుకోవాల్సిందే. ఒక్కడే తిన్నవాడిని ఏళ్ల తరబడి ఎత్తిపొడుస్తారు.

అమ్మ లేదు కాబట్టి నేనే చేశాను. ఎంత గొప్పలు పోయానో... పొయ్యి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. నాయన ఐదు పొట్లాలు తువ్వాలులో కట్టుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, "పెద్దదానివయిపోతాండావు పాపా" అని, చిన్నాయనతో కలిసి వెళ్లిపోయాడు.

సాయంత్రం గిన్నెలు తోముదామని చూస్తే... నానబెట్టిన చింతపండు గిన్నెలో అలాగే ఉంది.

చామాకు వండేవాళ్లకు చెప్పక్కర్లేదు. పులుపు పడకపోతే గొంతంతా ఒకటే దురద. నా కోసం ఉంచుకున్న పొట్లం విప్పి ఒక ముద్ద తిన్నాను. ఏడ్చాను... దురదకు సగం, సిగ్గుకు సగం. నాయన తిరిగొచ్చాక చెప్పేసి, ఇంకోసారి సరిగ్గా చేసి పెడదామనుకున్నాను.

నాయన తిరిగి రాలేదు. మూడు వారాలకు, కుప్పం దగ్గర గాలివానలో ఆయన మీద పిడుగు పడింది. నా చేతి వంట ఆయన తిన్నది ఆ ఒక్కసారే.

దినాలప్పుడు చిన్నాయన ఏడుస్తూనే ఎవరితోనో అన్నాడు... "అంతా మంచోడే గానీ, ఆ పొద్దు పాప కట్టిచ్చింది మాకెవురికీ పెట్టలేదు. ఐదూ ఒక్కడే తినేసినాడు. నా బిడ్డ చేసింది, నాకే సాలదు అన్నాడు."

తలుపు చాటున విన్నాను. ఎందుకు పెట్టలేదో నాకు వెంటనే అర్థమైంది. ఒక్క ముక్క ఇచ్చినా నా వంట సంగతి ఊరంతా తెలిసిపోతుందని, అందరూ నన్ను ఆటపట్టిస్తారని... నీళ్లు తాగుతూ తాగుతూ ఐదూ ఆయనే మింగాడు.

ఆ మాట చెప్పాలంటే నా తప్పు ఒప్పుకోవాలి. పదేళ్ల పిల్లకు ధైర్యం చాల్లేదు. ముప్పై దాటినా చాల్లేదు. ప్రతి పెళ్లిలో చిన్నాయన ఈ కథ చెప్పి నవ్వించేవాడు... సిగ్గులేకుండా నేనూ నవ్వేదాన్ని.

మొన్న ఆదివారం మదనపల్లెలో మా ఇంట్లో నా కూతురు ఫోన్‌లో చూసి హవాయి దీవుల వంట చేసింది. లావ్‌లావ్ అంటారట. చామాకుల్లో మాంసం చుట్టి, గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తారు. వాళ్లు పంది మాంసం పెడతారు, మేం వేటమాంసం పెట్టాం. పుంగనూరు నుంచి చిన్నాయన భోజనానికి వచ్చాడు. ఆకు విప్పగానే మళ్లీ అదే కథ అందుకున్నాడు. ఎప్పుడూ చూడని తాత పిసినారితనానికి నా కూతురు పగలబడి నవ్వింది.

ఆ నవ్వు ఓర్చుకోలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

చిన్నాయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. నా వైపు తిరిగి అన్నాడు... "ఆ పొద్దు నుంచీ నేను మీ నాయనతో మాట్లాడలేదమ్మా. అలిగి నా గొర్రెల్ని వేరే పక్కకు తోలుకుపోయినా. తమ్ముణ్ణి రమ్మను అని రెండుసార్లు మనిషిని పంపించినాడు. పోలేదు నేను."

నన్ను తిడతాడేమో అని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. ఆయన తలొంచుకుని, విస్తట్లో ఉన్నదంతా మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

ఇప్పుడు ఆర్డర్ పెట్టి తెప్పించుకున్న కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే చాలు, ఫోన్‌లో స్టార్లు తగ్గించేస్తున్నాం... బాగుందని అబద్ధం చెప్పి తినేవాళ్లు తగ్గిపోతున్నారు. మీ వంట అలా తిన్నవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, చదువుకుంటాను. ఏదైనా దాచుకుని ఉంటే మాత్రం ఇక్కడ రాయొద్దు... లేచి వెళ్లి వాళ్లకే చెప్పండి. నేను చెప్పాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు... ఒకరికి ముప్పై ఏళ్లు ఆలస్యంగా చెప్పాను.