మామ తుపాకీ స్టేషనులో ఉన్న వేసవి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే మనిషిని. మా ఇంట్లో గోడమీద బల్లి కనిపిస్తే, నేను వీధి చివరికి చేరేసరికి అది ఉడుమైపోతుంది. కాబట్టి మా మేనమామ తుపాకీ ఆయనకంటే రెండు మూరలు పొడుగని నేనంటే, మీరు ఒకటిన్నర మూర తగ్గించి చదువుకోండి.

మామకు వడమాలపేట దగ్గర మామిడితోట. తోటలోనే ఇల్లు, ఇంట్లో ఆయనా అత్తా. అడవిపందుల బెడదకని ఎప్పుడో లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీ ఒకటి గోడకు రెండు మేకుల మీద ఉండేది. అది పేలితే తిరుమల ఘాటురోడ్డులో బస్సులు వాటంతటవే ఆగిపోయేవి. పందుల సంగతేమో గానీ, అత్త కోళ్ళు మాత్రం వారంపాటు గుడ్లు పెట్టేవి కావు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పజెప్పాలి. ఫలితాలొచ్చి కోడ్ ఎత్తేశాక తెచ్చుకోవాలి. మిగతావాళ్ళు చడీచప్పుడు లేకుండా ఇచ్చి వస్తారు. మామకది ఊరేగింపు. ముందురోజే నూనె పూసి, ఉతికిన పంచెలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నా బండి వెనక ఎక్కుతాడు. మొన్నటి ఎన్నికలప్పుడూ అంతే. దారిలో టీ అంగడి కనిపించిన చోటల్లా బండి ఆపించాడు.

"ఏమన్నా, పెండ్లికొడుకును యాడికి తీసకపోతా ఉండావు?" అన్నాడు అంగడాయన.

"స్టేషన్‌కప్పా! కోడ్ వచ్చె గదా. సట్టమంటే సట్టమే. ఓట్లు లెక్కబెట్టేదాకా మా ఇంట్లో కర్ర తప్ప ఇంకేమీ ఉండదు."

బెంచీల మీదున్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వులు నాకిప్పటికీ వినిపిస్తాయి, మొహాలే గుర్తు రావు.

కాయ కోతకొచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు మనుషులు బండిమీద వచ్చి, తోట బేరానికొచ్చామన్నారు. అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. ఒకడు తాగి, చెంబు అరుగుమీద పెట్టి, చొక్కా కిందనుంచి నాటు తుపాకీ తీశాడు.

"నీది స్టేషన్లో ఉండాది గదా పెద్దాయనా. కదలకుండా కూసో."

అత్త మెడలో గొలుసు, చేతులకున్న గాజులు తీసి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయారు. గుండు పేలలేదు, ఎవరికీ గీత పడలేదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా నాకు పెంచబుద్ధి కాదు.

ఆ రోజునుంచీ ఆ ఇంట్లో ఒకటే వాదం.

"నా తుపాకీ ఉండుంటేనా..." అనేవాడు మామ.

"ఉండుంటే నిన్ను ఈ అరుగుమీదే పండబెట్టుందురు. గొలుసు పోయె, మొగుడు మిగిలె. ఊరుకో."

"నాది పెట్టించుకున్న సట్టం వాడిది ఎందుకు పెట్టించుకోలేదంట?"

"వాడేమన్నా నీ మాదిరి నూనె పూసి ఊరేగించినాడా?"

నేనెవరి పక్షమో నాకే తెలిసేది కాదు. ఇమ్మంటే ఇచ్చేవాణ్ణే చట్టం అడిగింది, అది నిజమే. కానీ టీ అంగడికొక తుపాకీ దొరికే చోటైతే, ఆ ఇద్దరూ నీళ్ళిచ్చేదాకా ఆగేవాళ్ళా, మామను చూడగానే కాల్చేవాళ్ళా? ఇది మామతో అంటే, "నీకేమప్పా, తిరుపతిలో లైట్ల కింద ఉండావు" అన్నాడు.

మామకు నిద్ర పట్టడం మానేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడమీది రెండు ఖాళీ మేకులకేసి చూసేవాడు. వెలుగు తగ్గితే చాలు, వెదురుకర్ర ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చునేవాడు. ఆకు రాలితే "ఎవురది?" ఉడుత పరిగెత్తితే "ఎవురది?" తోటకు కాపలా కాస్తున్న మనిషిలా కాక, తోటే తనను చుట్టుముట్టిన మనిషిలా ఉండేవాడు.

కోడ్ ఎత్తేశారు. తుపాకీ తీసుకెళ్ళమని స్టేషను నుంచి కబురొచ్చింది. అది చెబుదామని సందెవేళ బయలుదేరాను. మలుపు దగ్గర బండి పంక్చరైంది. దాన్నక్కడే వదిలి, ఎండుటాకుల మీద చప్పుడు చేసుకుంటూ తోటలోకి నడిచాను.

"ఎవురది?"

అరుగుమీద మామ లేచి నిలబడ్డాడు. వెదురుకర్ర భుజానికి ఆనించి నాకు గురిపెట్టాడు. నా బుద్ధి ఊరుకుంటుందా? పలక్కుండా రెండు చేతులూ పైకెత్తి, నాటకంలో దొంగలా ఒక్కో అడుగూ వేశాను. దగ్గరికొచ్చాక చూశాను. ఆయన నవ్వడం లేదు. కర్ర కింద కుడిచేతి చూపుడువేలు వంగి ఉంది. అది వెనక్కి లాగింది. మళ్ళీ లాగింది.

ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దాన్ని పెంచడం నావల్ల కాలేదు. అంతకంటే పెద్దది నాకు దొరకలేదు.

"అల్లుడా... నువ్వా?" అన్నాడు. కర్ర జారి పడింది.

గుమ్మంలోంచి అత్త అంతా చూసింది. "ఇంక అది ఈ ఇంటికి రాకూడదు. వచ్చిందా, నేను ఉండను" అంది. మామ చాలాసేపు తన వేలికేసి చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు స్టేషనుకు పోయి, నాకొద్దని రాసిచ్చి, లైసెన్సు వదులుకుని వచ్చాడు.

తిరుపతిలో ఎవరికి చెప్పినా ఇక్కడే ఆపుతాను. విన్నవాళ్ళు "హమ్మయ్య" అంటారు.

నేను కల్పించింది అదొక్కటే. తుపాకీ పొడుగు, బస్సులు, కోళ్ళు, ఇవన్నీ ఉన్నవాటికి తోక తగిలించడం. లైసెన్సు వదులుకున్నాడన్నది మాత్రం తలా తోకా నాదే. మామ మర్నాడు పొద్దున్నే, నాకూ చెప్పకుండా ఆటోలో పోయి, గోనెసంచిలో చుట్టి తెచ్చుకున్నాడు. అది ఇప్పుడు మేకుల మీద లేదు, మంచం పక్కన ఉంది. ఉండనన్న అత్తా ఉంది.

నేను పెద్దరోడ్డు దిగినప్పటినుంచీ హారన్ మోగిస్తూనే పోతాను.

"ఏందిరా, లారీ మాదిరి!" అంటాడు మామ.

అత్త మాత్రం హారన్ వినగానే చేతిలో పని వదిలేసి వచ్చి, నేను అరుగెక్కేదాకా మంచం మీదున్న ఆయనకూ గుమ్మానికీ నడుమ నిలబడి ఉంటుంది.