సూరమ్మ తోమిన కూజా

1968 వేసవిలో దేవాదాయ శాఖవాళ్లు నన్ను శృంగవరపుకోట ప్రాంతపు గుళ్లలో వెండి, బంగారం తనిఖీకి వేశారు. హోదాకి నగల తనిఖీ అధికారిని. సంచిలో గీటురాయి, యాసిడ్ సీసా, భూతద్దం. నా మాటకి ఎదురులేదన్న గీర కూడా కాస్త ఉండేది.

ఒక అమ్మవారి గుడిలో, వెనకటి జమీందారు ఇచ్చిన ఇంగ్లీషు వెండి కూజా దగ్గర పని ఆగిపోయింది. దాని అడుగున నాలుగు ముద్రలున్నాయని పాత రిజిస్టరు చెబుతోంది: వెండి నాణ్యతకి నడిచే సింహం, లండన్‌లో పరీక్షించినందుకు చిరుతపులి తల, ఏ ఏడాదో తెలిపే అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు. నా చేతిలోని కూజా అడుగు నున్నగా ఉంది. బరువూ కాస్త తగ్గింది. గీటురాయి మీద వెండి మేలైనదే అని తేలింది కానీ, మేలైన వెండితో నకలు చేయించడం పెద్ద కష్టం కాదు.

అసలుది మార్చేశారన్నారు ధర్మకర్తలు. తాళాలు అర్చకులు సూర్యనారాయణ శర్మగారి దగ్గరే ఉండేవి. ‘వస్తువు మారింది’ అని నేను సంతకం పెడితే ఆయనకి మూడు తరాల అర్చకత్వం పోయి, దొంగ అన్న పేరు మిగులుతుంది. ఆయన బతిమాలలేదు. మరోసారి చూడమన్నారంతే. నాకు చిరాకేసిన మాట నిజం. అయినా అంతు తేలకుండా సంతకం పెట్టేది లేదని మొండికేశాను.

మర్నాడు గుడి పాత్రలు తోమే సూరమ్మని పిలిపించి, కూజాని ఎలా తోముతుందో అడిగాను. చింతపండు, ఇసుక, కొబ్బరి పీచు అంది.

“అడుగున ఏటో గరుగ్గా ఉండీది బాబూ. మురికనుకోని దాని మీదే గట్టిగా రుద్దీదాన్ని. ముప్పై ఏళ్లకి పోయింది,” అంది గర్వంగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైగా ఆమె అర్చకుల పక్షమని ధర్మకర్తలు కొట్టిపారేస్తారు. అప్పుడు తట్టింది, విడిగా ఉండే మూతకి కూడా ముద్రలు వేయడం ఇంగ్లీషువాళ్ల పద్ధతి. మూత ఏదని అడిగాను. కలశంగా పెట్టి పైన కొబ్బరికాయ ఉంచుతాం, మూతతో పనేముందన్నారు శర్మగారు. అన్నవారే కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి అమ్మవారి పాదాల దగ్గరి కుంకుమ గిన్నె పట్టుకొచ్చారు. బోర్లించి చూస్తే అది మూతే. అమ్మవారి కుంకుమ కనక అందులో ఎన్నడూ పీచు పెట్టలేదట.

గట్టిపడిన కుంకుమని తడిగుడ్డతో మెల్లగా తీశాను. సింహం, ఏడాది అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు, అన్నీ రిజిస్టరులో ఉన్నవే. చిరుతపులి తల ఒక్కటే లేదు, విడి మూతల మీద దాన్ని వేయకపోవడం మామూలే. ధర్మకర్తల ఎదుట మూతని కూజా మీద పెట్టి తిప్పాను. మూత అంచున తెగిన లతల చెక్కడం కూజా మెడ మీది లతలతో కొమ్మకి కొమ్మ కలిసింది. శర్మగారు గడప పక్కన కూర్చుని ఏడ్చేశారు.

‘వస్తువు అసలుదే. అడుగు ముద్రలు తోముడుకి అరిగినవి’ అని రిపోర్టు రాసి సంతకం చేశాను. ఆ తరవాత సర్వీసంతా, ఏ గుడికి వెళ్లినా, భూతద్దం తీసేముందు పాత్రలు తోమే మనిషిని పిలిపించేవాణ్ణి.