అమ్మకు అందించిన నాలుగు వాక్యాలు

పోయినవాటిని మొన్న కాగితం మీద వేసి చూసుకున్నాను. అమ్మ వేయకుండా పోయిన వేషాలు, ఏడాదికి తొమ్మిది చొప్పున పదిహేడేళ్లకు, నూట యాభై మూడు. అశోక్ నగర్‌లో ఆమె ఇంట్లో నేను తినకుండా పోయిన ఆదివారం భోజనాలు, వెళ్లిన అరవై ఒకటి తీసేస్తే, ఎనిమిది వందల ఇరవై మూడు. ఇంకా, ఒక మనిషిని ‘మావయ్యా’ అని పిలిచే పిలుపు. దాన్ని ఎన్నిసార్లని వేయాలో తెలియక ఒకటని వేశాను. ఈ లెక్క మొదలుకావడానికి కారణం చిక్కడపల్లిలో ఒక మేడ మీద నాటకం ఆడుకుంటున్న కుర్రవాళ్లు. పోటీల్లో గంట దాటితే మార్కులు కోస్తారు కనుక, రిహార్సల్‌కు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోమని నన్ను పిలిచారు. అది మేము ఇరవై ఏళ్ల కిందట ఆడిన నాటకమే. తల్లి వేషం వేసిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆమె నోట చివరి నాలుగు వాక్యాలు రాగానే వాచ్ ఆపడం మరిచిపోయాను. “అంకుల్, టైం ఎంతొచ్చింది?” అని అడిగితే చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.

అదొక పాత పరదేశపు విషాద నాటకం. రాజు చనిపోతే రాణి ఆయన తమ్ముణ్ని పెళ్లాడుతుంది. కొడుకు అది సహించలేకపోతాడు. బ్యాంకులో పనిచేసే మా డైరెక్టరు గారు దాన్ని తెలుగులో తిరగరాశారు. మా నాటక సమాజంలో మగవాళ్లందరూ ఉద్యోగస్థులే. సాయంత్రం ఖాళీ టిఫిన్ డబ్బాలతో నేరుగా వచ్చి నెలరోజులు రిహార్సల్ చేసేవారు. ఆడవేషానికి మాత్రం బయటి నుంచి నటిని పిలిచేవారు. ఆ నటికి అదే వారంలో ఇంకో రెండు నాటకాలుండేవి కాబట్టి చివరి మూడు రోజులే వచ్చేది. మా అమ్మ అలాంటి నటి. ఒకే వారంలో ముగ్గురు కొడుకులకు తల్లి. అందులో ఒక కొడుకు ఆమెకన్నా నాలుగేళ్లు పెద్ద. ఇన్ని నాటకాల మధ్య మాట తప్పిపోకుండా పక్కతెర వెనక నుంచి అందించడానికి ప్రాంప్టరు కావాలి. ఆ పని నాది. పగలు దుకాణాల లెక్కలు రాస్తూ ఎవరూ నేర్పకుండానే లెక్కలు నేర్చుకున్నవాణ్ని, సాయంత్రం వాక్యాలు లెక్కపెట్టేవాణ్ని. అమ్మకు మాట గుర్తురాకపోతే కుడిచెవి కమ్మ సర్దుకునేది. నేను మొదటి రెండు మాటలు అందించేవాణ్ని. మిగతాది ఆమె అందుకునేది. మా మధ్య సవ్యంగా నడిచిన సంభాషణ అదొక్కటే.

ఎందుకంటే నాన్న పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. రెండేళ్లకు అమ్మ, నాన్న స్నేహితుణ్ని పెళ్లి చేసుకుంది. ఆయన నాటకాలకు మేకప్ వేసేవాడు. చిన్నప్పుడు నా మొహానికి ఆంజనేయుడి మూతి పెట్టి అద్దం చూపించేవాడు. అప్పుడు మావయ్య. పెళ్లయ్యాక ఆయన్ని ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాను. ఒకే కప్పు కింద పదకొండేళ్లు, “భోజనానికి రమ్మంటోంది” అని గోడతో చెప్పినట్టు చెప్పేవాణ్ని. ఆయన గోడలాగే లేచి వచ్చేవాడు.

నాటకం రోజు మధ్యాహ్నం రాకుమారుడు వేసే ఆయనకు టైఫాయిడ్ అని కబురొచ్చింది. మొత్తం నాటకం నోటికొచ్చినవాణ్ని నేనొక్కణ్నే. డైరెక్టరు గారు భుజం మీద చెయ్యేసి, “నువ్వే ఎక్కాలె తమ్మీ, వేరే దారి లేదు,” అన్నారు. నాకు మేకప్ వేసింది అమ్మ పెళ్లాడిన ఆయనే. “కళ్లు మూసుకో బాబూ, పౌడర్ పడుద్ది,” అన్నాడు. ఆ వేళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తే. తల్లిని నిలదీసే చివరి దృశ్యంలో రాకుమారుడికి పంతొమ్మిది వాక్యాలు. పంతొమ్మిదీ అయిపోయాయి, నేను ఆగలేదు. “నాన్న చెప్పులు గుమ్మంలోంచి నేనింకా తియ్యలేదు. వాటి పక్కన ఇంకొకరి చెప్పులు ఎలా విడవనిచ్చావు?” అన్నాను. అలా ఏడు వాక్యాలు. చివరిది, “నా తల్లి కూడా ఆ రోజే పోయిందని అందరికీ చెప్పుకుంటాను,” అని. హాలు చప్పట్లతో మారుమోగింది. అమ్మ చెయ్యి కమ్మ మీదికి వెళ్లింది. పక్కతెర వైపు చూసింది. అక్కడ ఖాళీ కుర్చీ. మాట అందించేవాణ్ని వేషంలో ఆమె ఎదుటే నిలబడి ఉన్నాను. ఆమె చెప్పవలసిన నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అందించలేదు. కాసేపటికి లైట్లు ఆర్పేశారు.

“ఏంది తమ్మీ, ఆ చెప్పుల ముక్క మన స్క్రిప్టుల లేదు గదా? యాడికెళ్లి తెచ్చినవ్? జబర్దస్త్ ఉన్నది,” అన్నారు డైరెక్టరు గారు. అమ్మ కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. “అన్నం గిన్నెలో ఉంది, పెట్టుకు తిను. నాకాకలి లేదు,” అంది. అదే ఆమె చివరి వేషం. వారం తిరక్కుండా నేను కవాడిగూడలో గది తీసుకున్నాను. తర్వాత వెళ్లిన ప్రతిసారీ క్షమించమని అడగాలనే వెళ్లాను. గ్యాస్ బండ గురించీ, నీళ్ల ట్యాంకరు గురించీ మాట్లాడి వచ్చేశాను.

మూడేళ్ల కిందట నారాయణగూడలో ఒక ఆసుపత్రి మంచం మీద, మేకప్ వేసే ఆయన మందులకని కిందికి వెళ్లినప్పుడు, అమ్మ నా వైపు తిరిగింది. “ఆ రోజు అందించేవాళ్లు లేకపోయారురా. ఇప్పుడు అందించు,” అంది. ఏ రోజని నేను అడగలేదు. “నేను చేసింది...” అని అందించాను. అమ్మ అందుకుంది. “నేను చేసింది తప్పేననుకో. ఆయన పోయాక ఈ కోటలో నాకు భయమేసింది. భయపడ్డ మనిషి దగ్గరున్న చెయ్యి పట్టుకుంటుంది. అప్పటికి నీ చెయ్యి చాలా చిన్నది నాయనా.” ఒక్క అక్షరం తప్పలేదు. చెప్పి, నా మొహంలోకి చూస్తూ ఆగింది. నటులు ఎదుటివాళ్ల మాట కోసం ఆగినట్టే ఆగింది. స్క్రిప్టులో ఆ తర్వాత రాకుమారుడికి మాట లేదు, తెర పడుతుంది. జన్మంతా కాగితంలో ఉన్నదే అందించినవాణ్ని. అక్కడ కూడా కాగితాన్నే నమ్ముకుని ఊరుకున్నాను. ఆమె చాలాసేపు చూసి, కళ్లు మూసుకుంది. మర్నాడు తెల్లవారేసరికి లేదు.

తన నాలుగు వాక్యాలూ అమ్మ పదిహేడేళ్లు ఆలస్యంగానైనా చెప్పి వెళ్లింది. కాలం గడిస్తే ఎంతటి మాటైనా అరిగిపోతుందంటారు. ఇరవై ఏళ్లు గడిచాయి. నేను వెనక్కి తీసుకోవలసినవి ఇప్పటికీ ఏడే.